గురువారం మూసిన కొట్టు

మొదట్లో నా చేతిలో ఏమున్నాయో ముందు చెప్తాను.

భాలుబాసాలో ఒక కొట్టు. దాని వెనక, సందులోకి వేరే తలుపున్న గోదాం. పార్వతీపురం నుంచి నా బావమరిది లారీలో పంపే చింతపండు బస్తాలు, గుంటూరు మిరపకాయలు, కందిపప్పు, చోళ్ళు. కద్మాలో ఇంజనీర్ల ఇళ్ళ దగ్గర్నుంచి సీతారాండేరా ఇరుకు సందుల దాకా, జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళ పొయ్యి మీద పులుసు కాగిందంటే అందులో చింతపండు చాలావరకు నాదే. సోమలింగం కొట్లో పప్పులో రాయి ఉండదు, తూకంలో మోసం ఉండదు అన్న పేరు. భార్య చిలకమ్మ. వీటితో పాటు ఒంట్లో ఒక రోగం. అది నా సరుకులో చేరిన సంగతి అప్పటికి నాకు తెలీదు.

తెలిసింది కాటా వల్ల. బస్తాలు తూచే కాటా మీద అప్పుడప్పుడు నేనూ ఎక్కి చూసుకోవడం అలవాటు. రెండువేల రెండో సంవత్సరం వానాకాలంలో ముల్లు కిందికి జారడం మొదలైంది. కాటా పాడైందనుకుని బాగుచేసే మనిషిని పిలిపించాను. అతను రాళ్ళు పెట్టి చూసి, కాటా సరిగ్గానే ఉంది సేఠ్‌జీ, మీరే సరిగ్గా లేరు అని నవ్వి వెళ్ళాడు. ఆ నవ్వు పట్టుకునే సాక్చీలో సర్కారు ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఇచ్చాను. హెచ్ఐవి అని తేల్చారు.

ఎలా వచ్చిందని అడిగినవాళ్ళకి నేను జవాబు చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఏ దారిన వచ్చినా సరే, నా గోదాంలో దిగిన బస్తా నాదే. దాన్నేం చెయ్యాలన్నదే నా లెక్క. చిలకమ్మకి కూడా పరీక్ష చేయించాను. ఆమెకి ఏమీ లేదు. మా బావమరిది వచ్చి తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆమె అట్ల పెనం ఒక్కటే పట్టుకెళ్ళింది, అది వాళ్ళమ్మది. బావమరిది సరుకు పంపడం మానలేదు, వ్యాపారం తెలిసినవాడు. ఫోనులో మాత్రం బస్తాల మాట అయిపోగానే పెట్టేసేవాడు. చిలకమ్మ ఎలా ఉందని ఒకటి రెండుసార్లు అడిగాను. బాగుందన్నాడు. తర్వాత అడగడం మానేశాను.

ఒక సరుకు ఊళ్ళో దొరకలేదంటే కొనేవాడైనా ఉండడు, అమ్మేవాడైనా ఉండడు. ఈ రోగానికి డాక్టరు దొరక్కపోవడం వేరే రకం. కొనేవాడూ దాక్కుంటాడు, అమ్మేవాడూ దాక్కుంటాడు. నాకు తెలిసిన డాక్టర్లు, నా కొట్లో సరుకు కొనే డాక్టర్లు, కాగితం చూసి నాడి పట్టకుండానే కలకత్తా వెళ్ళమని రాసిచ్చారు. ఒకాయన మంచివాడు, వరండా దాకా వచ్చి సాగనంపాడు, చెయ్యి మాత్రం కలపలేదు. పంటి నొప్పికని వెళ్తే పళ్ళ డాక్టరు కుర్చీ చెడిపోయిందన్నాడు. నా ముందు వెళ్ళినతను ఆ కుర్చీలోంచే లేచి బయటికొచ్చాడు.

అలా కలకత్తా తిరిగాను. తెల్లారి స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, అక్కడ క్యూలో నిలబడడం, డాక్టరు ముందు కూర్చుని ఆయన మూడు మాటలు అడిగేలోగా లేవడం, మందులు కొనుక్కుని రావడం. బడాబజారులో సరుకు పని కూడా పెట్టుకునేవాణ్ణి కాబట్టి ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు.

రెండేళ్ళకి మా ఆసుపత్రికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు క్రిస్టీ. కద్మాలో లెక్కల మాస్టారుగా చేసిన పౌల్‌రాజు గారి కూతురు. చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని నా కొట్టుకొచ్చేది. చింతపండులో బెల్లం, ఉప్పు, ఎండుకారం కలిపి దంచిన ఉండ చేతిలో పెడితే చప్పరిస్తూ బస్తా మీద కూర్చునేది. ఈ రోగానికి వైద్యం చేసే శిక్షణ తీసుకుని వచ్చింది. అది తీసుకున్న డాక్టరు ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద వేశారు. నడవా చివర గది, గది మీద హిందీలో రోగం పేరు రాసిన పెద్ద ఎర్ర అక్షరాల బోర్డు, ముందు పొడుగాటి బెంచీ. ఆ బోర్డు కింద కూర్చునే ధైర్యం ఎవరికుంది? బెంచీ మీద వార్డు తుడిచే గుడ్డలు ఆరేసేవారు.

ఒక సాయంత్రం ఆమె కొట్టుకొచ్చి అర కిలో చింతపండు అడిగింది. నేను పొట్లం కడుతుంటే, పక్కన ఎవరూ లేకుండా చూసి, ఆసుపత్రి పాత కాగితాల్లో నా పేరు చూశానని, ఎందుకు రావడం లేదని అడిగింది. వస్తే నా చింతపండు ఎవరు కొంటారని నేను అడిగాను. నాది తినే సరుకు, చేత్తో తీసి తూచే సరుకు. ఆమె పొట్లం అందుకుని, కొట్టుకి సెలవెప్పుడు అంది. గురువారమన్నాను.

ఆ గురువారం మధ్యాహ్నం, ముందువైపు షట్టరు దించి ఉండగా, వెనక సందు తలుపు గుండా గోదాంలోకి వచ్చింది. నన్ను కాటా మీద ఎక్కించింది, నాలుక చూసింది, గొట్టం పెట్టి ఊపిరి వింది. తర్వాత చింతపండు బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. నేను స్టవ్వు మీద టీ పెట్టాను. నేను పోసిన టీ ఇంకో మనిషి తాగడం చూసి చాలాకాలమైంది. ఆమె తాగి, గ్లాసు ముందుకు జరిపి ఇంకొంచెం పొయ్యమంది.

అలా వారం వారం. ఒళ్ళు చూడడం చిటికెలో అయిపోయేది, మిగతాదంతా మాటలే. ఆసుపత్రిలో తక్కిన డాక్టర్లు తన గ్లాసు వేరే పెడతారని చెప్పింది. ఇలాంటి రోగుల్ని ముట్టుకునే చేతులని వాళ్ళ భయం. మధ్యాహ్నం డబ్బా ఒక్కతే విప్పుకుంటుందట. నవ్వుతూనే చెప్పింది. నేను చిలకమ్మ సంగతి చెప్పాను, పెనం సంగతి కూడా. వెళ్ళేటప్పుడు ఉండ ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చేవాణ్ణి.

తర్వాత ఆమే ఒకరిని తీసుకొచ్చింది. త్రేసమ్మ, లారీ డ్రైవరు భార్య, భర్త పోయాడు. ఒక స్కూలు హాస్టల్లో వంట చేసేది, సంగతి తెలిస్తే ఆ పూటే పని పోతుంది. ఆమె తర్వాత ఒక ఒడియా వెల్డరు, తర్వాత టెల్కో కార్ఖానా వైపు నుంచి ఇద్దరు. పేర్లొద్దు. గురువారం మధ్యాహ్నం ఒక్కొక్కరే సందులోంచి వచ్చేవారు, చూస్తే సరుకు కోసం వెనక నుంచి వచ్చిన బేరగాళ్ళలా ఉండేవారు. మందులు ఎవరికి వారు కలకత్తా పోనక్కర్లేకుండా నేనే తెచ్చేవాణ్ణి. డాక్టరమ్మ చీటీలు రాసేది, నేను మిరపకాయల సంచీలో మందుల డబ్బాలు పెట్టుకొచ్చేవాణ్ణి. కందిపప్పు పొట్లం అడుగున పెట్టి ఇచ్చేవాణ్ణి. ఇంత చక్కగా నడిచిన వ్యాపారం నా జీవితంలో లేదు. చప్పుడు లేదు, తగాదా లేదు, సరుకు కొనేవాడి గడపకే వచ్చేది.

దానివల్లే మునిగాం.

రెండువేల ఆరు చలికాలంలో రాంచీ నుంచి ఒక ఆఫీసరు వచ్చి ఆమె గది చూసి వెళ్ళాడు. ఆ గురువారం క్రిస్టీ బుట్ట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. సర్కారు ఈ మందులు ఉచితంగా ఇచ్చే కేంద్రాలు పెడుతోంది. ఎక్కడ రోగులుంటే అక్కడ పెడతారు, డాక్టర్నీ అక్కడికే పంపుతారు. ఆఫీసరు వచ్చిన రోజు బెంచీ మీద తడిగుడ్డలే ఉన్నాయి. మీ ఊళ్ళో ఈ రోగం లేనట్టుందే, మంచిదే అన్నాడట. వచ్చే నెల ఇంకోసారి చూస్తాడు. అప్పుడూ అలాగే ఉంటే ఆమెని వేరే జిల్లాకి పంపుతారు.

గోదాంలో ఇంతమందిమి ఉన్నామని చెప్పలేదా అన్నాను.

"చెప్పాను అంకుల్. గోదాం ఆసుపత్రి కాదన్నాడు. ఆయనన్నది తప్పు కాదు కదా. మీరు ఆసుపత్రికి రాకుండా నేనే ఇక్కడికొచ్చి చూశాను. ఐసే నహీ చలేగా, ఇక ఇలా నడవదు."

నలభై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాను. వెనక గుమ్మం లోంచి అంతా అమ్మేసుకుంటే ముందు కొట్టు ఖాళీగా కనిపిస్తుంది, ఖాళీ కొట్టుకి ఎవడూ సరుకు పంపడు. ఇది తెలియనిది కాదు. డాక్టరు విషయంలో మాత్రం మేమంతా కలిసి అదే చేశాం. దాక్కుని కొన్నాం, కొనేవాళ్ళే లేరని సరుకు వెనక్కి పోతోంది.

ఆమె పోతే నేను మళ్ళీ కలకత్తా తిరగగలను. త్రేసమ్మ వల్ల కాదు, హాస్టలు వాళ్ళు రోజంతా సెలవివ్వరు. వెల్డరుకి దగ్గు మొదలైంది, అతనికి వారం వారం చూసే మనిషి కావాలి. నిజం చెప్పాలంటే నేనూ తిరగలేను. మందులు తేగలను, గురువారం ఎక్కడి నుంచి తేను?

ఆఫీసరు వచ్చే రోజు అందరూ వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలని తర్వాతి వారం గోదాంలో చెప్పాను. వెల్డరు తల దించుకుని మిరపకాయ తొడిమలు ఏరుతూ కూర్చున్నాడు. చివరికి త్రేసమ్మ అంది.

"సావుకారు బాబూ, సెప్పడానికేటి, బాగానే ఉంటాది. ముందు మీరు కూకోండి. రోడ్డవతల టీ బడ్డీ కాడ మేం నిలబడి సూత్తాం. మీరు లేవకుండా ఉంటే మేమూ వత్తాం. మీరు లేసిపోతే మాత్రం మమ్మల్ని అనకండి."

నాకన్నా తెలివైన బేరం. ఒప్పుకున్నాను.

ఆ రోజు ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఎందుకో తెలీదు. బెంచీ మీద గుడ్డలు తీసి దండెం మీద వేసి, తడి తుడిచి కూర్చున్నాను. నెత్తి మీద ఎర్ర బోర్డు. గదిలో క్రిస్టీ, ఆఫీసరు ఎదురెదురుగా ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. నడవాలోంచి చూస్తే గేటు, గేటవతల టీ బడ్డీ కనిపిస్తాయి. అక్కడ త్రేసమ్మ గోధుమరంగు శాలువా. ఎముకల డాక్టరు దగ్గరికి పోయే వరస కూడా ఆ నడవాలోంచే పోతుంది. ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు కనిపిస్తారని తెలుసు. కాంతం కనిపించింది.

కాంతం సీతారాండేరా మనిషి. మోకాళ్ళ నొప్పులు. పాతికేళ్ళుగా నా కొట్లో కొంటోంది, పాతికేళ్ళూ బేరమాడింది. ఆమెకి ఒక మాట తెలిస్తే సాయంత్రానికి కద్మా దాకా వెళ్తుంది. కుంటుకుంటూ వచ్చి నా ముందే ఆగింది.

"ఏటి సావుకారూ, ఇక్కడ కూకున్నావు? కొట్టు మూసీసి వచ్చీసావా?"

"డాక్టరమ్మ కోసం వచ్చానమ్మా."

"ఎవుల డాక్టరమ్మ? పౌల్‌రాజు మేస్టారి పిల్లా? ఆ పిల్లకి చింతపండు బాకీ ఉన్నావేటి, పట్టుకొచ్చావా?" అని నవ్వింది. నవ్వుతూ తలెత్తి బోర్డు చూసింది. హిందీ చదవడం ఆమెకి బాగానే వచ్చు. నవ్వు ఆగింది. ఆగాక ఆమె నాకొక దారి చూపించింది, అది మర్చిపోను. మెల్లగా అంది, "బీపీ సూపించుకోడానికి వచ్చావు గదూ? ఈ బల్ల కాళీగా ఉందని కూకున్నావు, అంతే గదా?"

అవునంటే చాలు. ఆమె నమ్మేది, నమ్మాలనే ఉంది ఆమెకి. నా చింతపండు, నా పేరు, నా కొట్టు అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి. గేటవతల త్రేసమ్మ బడ్డీ దగ్గర గ్లాసు పట్టుకుని ఇటే చూస్తోంది. అవునంటే ఇక్కడి నుంచి లేచి వేరే వరసలోకి పోవాలి.

"బీపీ కాదు కాంతమ్మా. ఈ బోర్డు మీదున్న జబ్బే నాది. నాలుగేళ్ళయింది. మందు తింటున్నాను, బాగానే ఉన్నాను."

కాంతం పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మొన్న పండక్కి నీ కాడే కొన్నాను కదా, పులిహోరకి" అంది. అడిగినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. వెళ్ళిపోయింది.

నేను లేవలేదు. కాసేపటికి బెంచీ కొంచెం కదిలింది. త్రేసమ్మ వచ్చి కూర్చుంది, శాలువా నెత్తి మీదికి లాక్కుని. తర్వాత వెల్డరు. తర్వాత టెల్కో వైపు ఇద్దరూ. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరో నాకు తెలీదు. ఆదిత్యపూర్ నుంచి ఒక మొగుడూ పెళ్ళాం, ఘాట్‌శిలా నుంచి ఒక ముసలాయన. వాళ్ళు ఇన్నాళ్ళూ నడవా చివరిదాకా వచ్చి, ఖాళీ బెంచీ చూసి తిరిగిపోయేవారట. ఎవరో ఒకరు ముందు కూర్చుంటే చాలని ఎదురుచూశారట. ఆఫీసరు బయటికొచ్చి మా అందరినీ చూశాడు. నా దగ్గర ఆగి, కబ్ సే ఆ రహే హైఁ అని ఎప్పటినుంచి వస్తున్నానో అడిగాడు. రెండేళ్ళ నుంచి, ప్రతి గురువారం అన్నాను. ఆయన క్రిస్టీ వైపు తిరిగి చూశాడు. ఆమె తల వంచుకుని కాగితాలు సర్దుతోంది.

డాక్టరు ఉండిపోయింది. మందులు కూడా వచ్చాయి. మిరపకాయల సంచీకి ఆ పని తప్పింది.

కాంతం ఏమందో, ఎవరితో అందో నేను వినలేదు. కొట్టుకి వచ్చేవాళ్ళు తగ్గారు. నా ఎదురుగా ఎవరూ మాట అనలేదు. ఈసారి పప్పు ఇంకో చోట తీసుకున్నాం అనేవాళ్ళు, మా అబ్బాయి మార్కెట్లో తెచ్చేశాడు అనేవాళ్ళు. తెలుగు సంఘం విందుకి ప్రతి ఏడూ నా సరుకే వెళ్ళేది. సంఘం కార్యదర్శి సీతారామరావు గారు స్వయంగా వచ్చి, కుర్చీ వేస్తే కూర్చుని, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళారు. విందు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పెద్దమనిషిని ఇబ్బంది పెట్టడం దేనికి?

చింతపండు బూజు పట్టేదాకా ఎదురుచూసే రకం కాదు నేను. మిగిలిన బస్తాలు ఒడిశా వైపు బేరగాళ్ళకి తోసేసి, తినే సరుకు మొత్తం మానేశాను. బకెట్లు, మగ్గులు, చీపుళ్ళు, నవారు, ప్లాస్టిక్ తాళ్ళు పెట్టాను. బకెట్టుకి రోగం అంటదని జనానికి ఒక నమ్మకం ఉంది, ఆ నమ్మకం మీద వ్యాపారం చేసుకోవచ్చు. చేశాను, నడిచింది. పాత పేరంత పేరు లేదు. చీపురులో రాయి లేదని ఎవరూ మెచ్చుకోరు కదా.

మొదటి ఏడాది చివర్లో కాంతం వచ్చింది. వాకిలి చీపురు అడిగింది. ఒకటి తీసి విదిలించి చూసి, పుల్లలు రాలిపోతన్నాయి, తగ్గించు అంది. తగ్గించాను. వెళ్తూ వెళ్తూ, మనిషివి కొంచెం ఒళ్ళు సేసావు అంది. కొట్లో చాలారోజుల తర్వాత నేను నవ్వాను, ఆమె వెళ్ళిపోయాక.

ఇక డాక్టరమ్మ సంగతి. బెంచీ చాలక రెండోది వేశారు, అది కూడా నిండింది. చాయిబాసా నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి బస్సులెక్కి వస్తున్నారు. డాక్టరు మాత్రం ఆమె ఒక్కతే. రెండో డాక్టర్ని వేస్తామన్నారు, ఒకాయన వచ్చి బోర్డు చూసి బదిలీ చేయించుకున్నాడు. ఆమె మధ్యాహ్నం డబ్బా విప్పడం కూడా మానేసిందని త్రేసమ్మ చెప్పింది. త్రేసమ్మకి హాస్టల్లో పని పోయింది. ఇప్పుడు ఆ గది దగ్గరే వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెట్టే పని చేస్తోంది. నన్ను కూడా వరసలోనే కూర్చోబెడుతుంది.

గోదాంకి రావడం ఆగిపోయింది. ఆసుపత్రి బెంచీ నిండాక గురువారానికి ఆమె దగ్గర టైమెక్కడిది? మొదట్లో వస్తానని కబురు పంపేది, తర్వాత అదీ లేదు. నెలకోసారి నా వంతు వస్తుంది. లోపలికి వెళ్తాను. బరువు చూస్తుంది, దగ్గు ఉందా అంటుంది, మందులు మానలేదు కదా అంటుంది. నేను జవాబు చెప్పేలోగా తలుపు దగ్గర తర్వాతి మనిషి నిలబడి ఉంటాడు. కలకత్తాలో కూడా ఇంతే ఉండేది. పోయినసారి కాగితంలో చుట్టిన ఉండ బల్ల మీద పెట్టాను. ఆమె చూసింది, చేతికి తొడుగులున్నాయి, నవ్వి డ్రాయరులో పెట్టుకుంది.

"అంకుల్, ఒక గురువారం వస్తాను. పక్కా."

"టీ కాగే ఉంటుంది డాక్టరమ్మా," అన్నాను. అప్పటికే త్రేసమ్మ ఇంకొకరి పేరు పిలిచేసింది.

లెక్క చూద్దాం. పోయినవి: పార్వతీపురం లారీ, పులుసు కాగే ఇళ్ళు, సోమలింగం కొట్టన్న పేరు, చింతపండు వాసనున్న గోదాంలో గురువారం మధ్యాహ్నాలు. చిలకమ్మ ఈ లెక్కలోకి రాదు, ఆమె అంతకుముందే వెళ్ళింది. వచ్చినవి: బకెట్లు, నెల నెలా బెంచీ మీద నా చోటు, ఊళ్ళో ఒక డాక్టరు. ఆ డాక్టరు నాకొక్కడికే ఉన్నప్పుడు రెండు గ్లాసుల టీ తాగేంత సేపుండేది. అందరికీ ఉన్నప్పుడు నా వాటాకి ఇంతే వస్తుంది. పంపకం న్యాయంగానే ఉంది, దాంట్లో తప్పు పట్టలేను.

బకెట్లు తూచి అమ్మరు. అయినా కాటా అమ్మలేదు. గురువారం షట్టరు దించి, గాలి కోసం వెనక తలుపు తీసి పెట్టి, దాని మీద ఎక్కి చూసుకుంటాను. జారిన ముల్లు పాత చోటికి వచ్చింది. మూడేళ్ళుగా అక్కడే ఉంది.